రక్తం పాడైందండీ

మొన్న వేసవిలో ఒక ఉదయం మా అమ్మ రక్తం పాడైంది. చెప్పినవాడు ఇరవై రెండేళ్ళ కుర్రాడు. తలుపు కొంచెం తెరిచి, తల మాత్రం లోపలికి పెట్టి, "అమ్మా, బ్లడ్ ఖరాబైందంట, మళ్ళ ఇయ్యాలె" అని తల వెనక్కి తీసుకున్నాడు. తలుపు మూసుకుంది.

అమ్మకి డెబ్భై ఒకటి. మిర్యాలగూడ మనిషి. ఆమె లెక్కలో రక్తం ఖరాబవడమంటే మాటలు కాదు. రక్తం చెడితే ఒంటి నిండా దురదలు, కురుపులు, ఆ తర్వాత పెద్దకర్మే. కుర్రాడు వెళ్ళిన నిమిషానికి కొంగు నోట్లో పెట్టుకుంది. "నేను ముందునుంచి అంటనే ఉన్న. మామిడికాయ తొక్కు మస్తు తిన్న. రక్తమే ఖరాబైనంక ఇంకేం మిగిలిందిరా కొడకా?"

"ఖరాబైంది నీ రక్తం కాదమ్మా, ట్యూబులోది."

"ట్యూబులది నాది కాదా మరి?"

దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఆసుపత్రి పేరు చెప్పను. చెప్పకపోయినా మీరు ఎవరి ఆసుపత్రి పేరు వాళ్ళు వేసుకుని చదువుకుంటారని తెలుసు. ఊళ్ళో పెద్దదే. కింద కాఫీ షాపు, దాని పక్కన వినాయకుడు, వినాయకుడి పక్కన ఈఎంఐ కౌంటరు. అమ్మకి రెండు రోజులుగా కాళ్ళలో సత్తువ లేక, లేస్తే పడిపోయేలా ఉంటే తీసుకెళ్ళాం. బీపీ ఉంది, కిడ్నీలు కొంచెం నీరసంగా ఉన్నాయని పాత డాక్టరు అన్నారు. కాబట్టి ముందు రక్తపరీక్షలు.

ఇక్కడ తెలుగు వ్యాకరణానికి ఒక నమస్కారం పెట్టాలి. సకర్మక క్రియ, అకర్మక క్రియ అని బళ్ళో బట్టీ పట్టించినప్పుడు ఇవి ఎక్కడ పనికొస్తాయి సార్ అని అడిగి దెబ్బలు తిన్నాను. ఆసుపత్రిలో పనికొస్తాయి సార్. "పాడుచేశాం" అంటే చేసినవాడు ఒకడుండాలి. "పాడైంది" అంటే ఎవడూ అక్కర్లేదు. పాలు విరిగినట్టు, గోడ చెమ్మగిల్లినట్టు, దానంతటదే. అక్కడున్న అయిదు రోజుల్లో నేను విన్న మాటలన్నీ ఇదే జాతి. రిపోర్టు లేటయింది. పేరు మారిపోయింది. ట్యూబు కనబడట్లేదు. సిస్టమ్ హ్యాంగయింది. లైన్ కలవలేదు. అంత పెద్ద భవనంలో అంతమంది జీతగాళ్ళుండి ఎవరూ ఏమీ చేయలేదు. అన్నీ అయ్యాయి.

రక్తం ఎలా "అవుతుందో" కొంచెం చెప్పుకుందాం. ల్యాబ్ భాషలో హీమోలైజ్ అయిందంటారు. ఎర్రకణాలు పగిలి లోపలి సరుకు బయటికొచ్చిందన్నమాట. ట్యూబుని యంత్రంలో గిర్రున తిప్పాక పైన తేలే సీరం ఎండుగడ్డి రంగులో ఉండాలి. కణాలు పగిలితే రంజాన్ నెల రూహ్ అఫ్జా రంగులో ఉంటుంది. కణాల్లో పొటాషియం బోలెడుంటుంది గనక అది సీరంలో కలిసి, లేని జబ్బుని ఉన్నట్టు చూపిస్తుంది. మరి కణాలెందుకు పగులుతాయి? సన్నటి సూది పెట్టి సిరంజిని బోరింగ్ కొట్టినట్టు లాగితే పగులుతాయి. స్పిరిట్ ఆరకముందే గుచ్చితే పగులుతాయి. సెలైన్ కోసం వేసిన క్యాన్యులాలోంచే పని కానిచ్చేస్తే పగులుతాయి. అయిదు నుంచి పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేయాల్సిన ట్యూబుని గోలీసోడాలా ఊపితే పగులుతాయి. చేతికి కట్టిన రబ్బరు పట్టీని నిమిషం లోపు విప్పాలి. మా అమ్మకి పట్టీ కట్టాక, పక్క గదిలో సెలైన్ అయిపోయిందని ఎవరో కేకేస్తే సిస్టర్ అటు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి అమ్మ చెయ్యి నేరేడుపండు.

వీటిలో మామిడికాయ తొక్కు ఎక్కడా లేదని మనవి.

ఇటలీలో పడువా అనే ఊరుంది. అక్కడి ఆసుపత్రి ల్యాబ్ వాళ్ళకి ఒక విచిత్రమైన అలవాటు, తమ తప్పులు తామే లెక్కపెట్టుకోవడం. 1997లో ఒకసారి లెక్కపెట్టి అచ్చేశారు. పదేళ్ళాగి 2007లో మళ్ళీ అచ్చేశారు. రెండోసారి 51,746 పరీక్షల్లో 160 తప్పులు తేలితే, అందులో 61.9 శాతం రక్తం యంత్రం దాకా రాకముందే జరిగినవి. మరో 23.1 శాతం యంత్రం అంకె చెప్పేశాక, ఆ అంకె డాక్టరుకి చేరే దారిలో జరిగినవి. పాపం యంత్రం వాటా 15 శాతం. అంటే తప్పంతా నడవాలోనూ, లిఫ్టులోనూ, స్టిక్కరులోనూ, టెలిఫోనులోనూ ఉంది.

మనవాళ్ళు ఈ సంగతి చదివే ఉంటారు. అందుకే ఉన్న డబ్బంతా పెట్టి యంత్రం కొన్నారు. గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దాల గదిలో పెట్టారు, జూపార్కులో తెల్లపులిని పెట్టినట్టు. గంటకి వెయ్యి పైచిలుకు పరీక్షలు చేస్తుందట. కొన్నప్పుడు దానికి కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు కట్టి, పసుపుకుంకాలు అద్దారు. మా అమ్మ వెళ్తూ వెళ్తూ దానికి దణ్ణం కూడా పెట్టింది. ఆ యంత్రం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఏ లక్ష్మి రక్తం పోసినా ఆ లక్ష్మిదే చెబుతుంది.

లక్ష్మి అన్నాను గదా. మా అమ్మ పేరు అదే. తెలుగుదేశాన లక్ష్మి అనే పేరుతో ఆసుపత్రిలో చేరడం ఎంత సాహసమో నాకు ఆ రోజే తెలిసింది. ఆ అంతస్తులో ముగ్గురు లక్ష్ములున్నారు. అందులో ఇద్దరికి ఇంటిపేరు "కె"తో మొదలవుతుంది. అసలు మన ఇంటిపేరు ముందొస్తుంది, అసలు పేరు వెనకొస్తుంది. కంప్యూటర్ చేసినవాడి ఊళ్ళో అది తలకిందులు. అందుకని రిజిస్ట్రేషన్ కౌంటర్లో అమ్మాయి ఫస్ట్ నేమ్ అన్న గడిలో ఇంటిపేరు కొట్టింది. ఆర్నెల్ల కిందట ఇదే ఆసుపత్రికి కంటి పరీక్షకొస్తే ఇంకో అమ్మాయి అదే గడిలో లక్ష్మి అని కొట్టింది. ఆధార్‌లో లక్ష్మికి నడుమ ఇంగ్లీషు ఎక్స్ ఉంది, రేషన్ కార్డులో కెఎస్‌హెచ్ ఉంది, పాత ఫైల్లో లక్ష్మమ్మ ఉంది. ఆ విధంగా మా నాన్నకి తెలియకుండా మా అమ్మ ఆ ఆసుపత్రిలో ముగ్గురైంది. పాత రిపోర్టుతో కొత్త రిపోర్టు పోల్చి, అంకె మరీ తేడాగా ఉంటే ఆపి చూసే ఏర్పాటు ల్యాబ్ కంప్యూటర్లలో ఉంటుంది. డెల్టా చెక్ అంటారు. పోల్చాలంటే పాత లక్ష్మీ కొత్త లక్ష్మీ ఒకరేనని దానికి తెలియాలి గదా.

సరే, కంప్యూటరుకి తెలియకపోతే మనిషిని అడగొచ్చు. అడుగుతారు. తెల్లారగట్ల అయిదింటికి లైటు వేసి, ట్రే పట్టుకొచ్చి, "లక్ష్మి గారేనా?" అంటారు. అమ్మ వినికిడి మిషన్ తీసి దిండు కింద పెట్టుకుని పడుకుంటుంది. తల ఊపుతుంది. తెల్ల బట్టల్లో ఎవరేమడిగినా తల ఊపడం ఆమె తరం వాళ్ళకి పెద్దలు నేర్పిన మర్యాద. నాకు అనుమానమొచ్చి ఆ మధ్యాహ్నం పరీక్ష పెట్టాను. మిషన్ తీసేసిన సమయం చూసి, నవ్వు మొహం పెట్టి, "సుబ్బారావు గారేనా?" అన్నాను. ఊపింది. "అమ్మా, నువ్వు ఏడో నిజామువా?" అన్నాను. ఊపింది, పైగా "అవునయ్యా, కూర్చో" అంది. సెక్యూరిటీ గార్డు వచ్చి విజిటర్ పాస్ అడిగితే చెయ్యి చాచి మడమ దాకా చీర సర్దుకుని సూదికి సిద్ధమైంది.

పేషెంటుని "ఫలానా వారేనా" అని అడగొద్దు, "మీ పేరేంటి" అని అడిగి వాళ్ళ నోటితోనే చెప్పించండి, దానితోపాటు పుట్టినతేదీయో ఆసుపత్రి నంబరో రెండో గుర్తుగా చూడండి, బెడ్ నంబరు మాత్రం గుర్తుకాదు అని ప్రపంచంలో రోగి భద్రత పుస్తకం తెరిచిన ప్రతివాడూ మొదటి పేజీలో రాశాడు. దీనికి అయ్యే ఖర్చు రెండు సెకన్లు. మనకి బెడ్ నంబరే కులగోత్రాలు. "పన్నెండుకి సీబీపీ, పద్నాలుగుకి ఎలక్ట్రోలైట్స్." రాత్రి ఏసీ నీళ్ళు కారుతున్నాయని పన్నెండుని పద్నాలుగుకి మార్చారు. పన్నెండు జబ్బు మాత్రం పన్నెండులోనే ఉండిపోయింది.

ట్యూబుకి స్టిక్కరు రక్తం తీశాక, మనిషి ముందే అంటించాలి. ఇక్కడ నాలుగున్నరకే కౌంటరు దగ్గర అన్ని ట్యూబులకీ స్టిక్కర్లంటించి ట్రేలో పేరుస్తారు, పెళ్ళిలో తాంబూలం కవర్లు సర్దినట్టు. ఎవరికి ఏ కవరు ఇచ్చినా లోపలుండేది ఒకటే జాకెట్టు ముక్క అన్న ధీమా. చేతికి బార్‌కోడ్ పట్టీ ఉంటుంది గదా అంటారా? ఉంది. క్యాన్యులాకి అడ్డమొచ్చిందని కత్తిరించి సెలైన్ స్టాండుకి కట్టారు. స్కాన్ చేయాల్సినప్పుడు స్టాండునే స్కాన్ చేస్తారు. నిజానికి ఆ అంతస్తు మొత్తంలో గుర్తింపు సరిగ్గా ఉన్న పేషెంటు ఆ స్టాండే. దానికి ఏ జబ్బూ లేకపోవడం ఒక్కటే లోపం.

సెప్టెంబరు 17 ప్రపంచ రోగి భద్రతా దినం. 2019 నుంచి జరుపుతున్నారు. 2024లో విషయం సరిగ్గా మనదే, రోగనిర్ధారణ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రోజుకి నారింజ రంగు కేటాయించింది. మా ఆసుపత్రి నోటీసు బోర్డులో దాని ఫొటోలు ఇంకా ఉన్నాయి. నారింజ రంగు చీరల పోటీ, సిరంజి ఆకారంలో ముగ్గుల పోటీ, కేకు. కానీ హైదరాబాద్‌లో సెప్టెంబరు 17 అంటే ఏమిటో మీకు తెలుసు. 1948లో ఒక సంఘటన జరిగింది. అది విమోచనమా, విలీనమా, సమైక్యతా, లేక ఈమధ్య పెట్టినట్టు ప్రజాపాలన దినమా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఒకే శాంపిలుకి నాలుగు స్టిక్కర్లు. రోజుకే సరైన లేబులు అంటించలేని ఊళ్ళో ట్యూబుకి అంటించమని అడగడం నాదే తప్పేమో.

అలాగని ఈ ఊరు మొదటినుంచీ ఇలాగే లేదు. 1897 ఆగస్టులో బేగంపేటలో రోనాల్డ్ రాస్ అనే సైనిక డాక్టరు దోమల కడుపులు కోస్తూ కూర్చున్నాడు. ఏసీ లేదు, పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయి. చెమటకి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమలచేత కుట్టించుకోవడానికి ఒప్పించి, కుట్టిన దోమకి అణా చొప్పున లెక్కగట్టి ఇచ్చాడు. 16న కుట్టిన దోమని 20న కోస్తే దాని కడుపులో మలేరియా జీవి కనబడింది. నోబెల్ ఇచ్చారు. నాకు ఇందులో ఆశ్చర్యం నోబెల్ కాదు. ఏ దోమ ఎవరిని ఏ రోజు కుట్టిందో అతను చివరిదాకా కలగాపులగం కాకుండా చూసుకున్నాడు. దోమ "లక్ష్మి గారేనా" అంటే తల కూడా ఊపదు. ఆ భవనం ఇప్పటికీ ఉంది. మన క్వాలిటీ మేనేజర్లని ఒకసారి బస్సులో తీసుకెళ్ళి చూపించొచ్చు. బస్సు ఎక్కేముందు పేర్లు పిలిచి ఎక్కించండి.

సరే, ట్యూబు నిండింది. ఇక ప్రయాణం. మేమున్నది అయిదో అంతస్తు, ల్యాబ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో. పైపులో గాలితో ట్యూబులు పంపే ఏర్పాటు గోడకి ఉంది, దాని మీద "ఆగస్టులోగా రిపేర్" అని కాగితం ఉంది, ఏ ఆగస్టో లేదు. కాబట్టి మన తలుపులో తల పెట్టిన కుర్రాడే పట్టుకెళ్ళాలి. వాడి చొక్కా జేబులో మా అమ్మ ఉంది. చేతిలో రెండు డిశ్చార్జి ఫైళ్ళు. ఇన్సూరెన్స్ డెస్కు దగ్గర ఒకటివ్వాలి, ఫార్మసీలో ఒకటివ్వాలి, వచ్చేటప్పుడు డ్యూటీ డాక్టరుకి ఇడ్లీ తేవాలి. మూడు లిఫ్టుల్లో ఒకటి పేషెంట్లది, ఒకటి విజిటర్లది, ఒకటి ఆగిపోయింది. నేను వెనకాలే నడిచాను. "లిఫ్ట్ రాలే అన్నా, ఏంజేయాలె" అన్నాడు. నిజమే. వాడు కాంట్రాక్టు మనిషి. వాడికి ఈ ట్యూబులో ఏముందో, గంట ఆగితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. విడదీయకుండా ఉంచిన రక్తంలో షుగరు గంటకి అయిదు నుంచి ఏడు శాతం తగ్గుతుంది, కణాలు కూర్చుని తినేస్తాయి. వాడి జేబులో మా అమ్మ షుగరు ఏ మందూ లేకుండా తగ్గుతోంది.

ల్యాబ్ కిటికీ పైన బోర్డు: "ఎమర్జెన్సీ రిపోర్టు 60 నిమిషాల్లో." అబద్ధం కాదు. గడియారం ఎప్పుడు మొదలవుతుందన్నదే ప్రశ్న. జాతకం రాసేవాళ్ళు బిడ్డ పుట్టిన వేళ అంటే శిరోదయమా, భూపతనమా, బొడ్డు కోసిన క్షణమా అని తరతరాలుగా కొట్టుకుంటున్నారు. ల్యాబుకి ఆ సందేహం లేదు. కిటికీలో స్కానరు కీచుమన్నప్పుడే పుట్టుక. అంతకుముందు జేబులో గడిపిన యాభై నిమిషాలు పూర్వజన్మ. నెలాఖరు మీటింగులో "సగటు 52 నిమిషాలు" అని చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టుకోవచ్చు.

మొదటి శాంపిల్ అలా రూహ్ అఫ్జా అయింది. రెండోది ఇంకా సొగసు. అమ్మ నరం దొరక్క పసుపు మూత ట్యూబులో రక్తం తక్కువ పడింది. ఊదా మూత దాంట్లో ఎక్కువుంది. ఇల్లాలు సాంబారు సర్దినట్టు అందులోది ఇందులో ఒంపారు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉండే మందు ఉంటుంది, అది పొటాషియం లవణమే. కాల్షియాన్ని పట్టి బంధించడం దాని పని. అందుకే పసుపు తర్వాతే ఊదా అన్న వరస పెట్టారు. ఆ ఒంపుడుతో అమ్మ పొటాషియం 9.8, కాల్షియం 4.1 అయ్యాయి. ఆ అంకెలతో మనిషి మంచం మీద ఉండదు, గోడ మీద దండ వెనకాల ఉంటుంది.

ఇక్కడ ఒకమ్మాయి గురించి చెప్పాలి. ల్యాబులో రాత్రి డ్యూటీ దిగబోతున్న టెక్నీషియన్. ఆ అంకెలు చూసి, ప్రింటు కొట్టి చేతులు దులుపుకోకుండా పైకి ఫోన్ చేసింది. "ఈ పేషెంటమ్మ ఎట్లుంది సిస్టర్?" "కూర్చుని చాయ్ తాగుతోంది." "అయితే శాంపిల్ తప్పు. నేనే వస్తున్న." వచ్చింది. మంచం పక్కన నిలబడి, "అమ్మా, మీ పేరు చెప్పండి" అంది. అమ్మకి వినబడలేదు. గట్టిగా మళ్ళీ అడిగింది. ఇంటిపేరుతో సహా చెప్పింది అమ్మ, ఊరు పేరు కూడా. స్పిరిట్ ఆరేదాకా ఆగింది. పసుపు ముందు, ఊదా తర్వాత. అక్కడే స్టిక్కరు అంటించి, తనే పట్టుకుపోయింది. మొత్తం నాలుగు నిమిషాలు. ఆ అద్దాల గదిలో యంత్రం బదులు ఆమెని కూర్చోబెట్టి చూపించాలి. వ్యంగ్యం కాదు.

ఆ మూడో శాంపిల్ శుభ్రంగా ఉంది. అంకె 9 గంటల 40 నిమిషాలకి వచ్చింది. పొటాషియం 6.6.

ఇది పొరపాటు కాదు. నిజంగానే 6.6. కాళ్ళలో సత్తువ లేకపోవడం అందుకే. ఆ స్థాయిలో గుండె ఏ క్షణమైనా లయ తప్పొచ్చు. ఇలాంటి అంకె రాగానే ల్యాబ్ తక్షణం డాక్టరుని పిలిచి చెప్పాలి, విన్నవాడు అంకెని తిరిగి చదివి వినిపించాలి. 1972లోనే అమెరికాలో లండ్‌బర్గ్ అనే పాథాలజిస్టు రాసిపెట్టిన పద్ధతి ఇది. ల్యాబ్ గోడకి వేలాడే సర్టిఫికెట్టు ఏ ప్రమాణం ప్రకారం ఇచ్చారో ఆ ఐఎస్ఓ 15189లో కూడా ఉంది.

ల్యాబ్ రిజిస్టరులో 9:44కి రాసి ఉంది: "వార్డుకి తెలియజేయడమైనది."

వార్డు అంటే ఎవరు? వార్డుకి చెవులున్నాయా? వార్డు అంటే గోడలు, కర్టెన్లు, ఒక టెలిఫోను. ఆ టెలిఫోను ఎత్తింది డిశ్చార్జి ఫైలు కోసం వచ్చిన బిల్లింగ్ కుర్రాడు. "ఆ, చెప్త" అన్నాడు. వాడికి ఫైలు దొరికింది, వెళ్ళిపోయాడు.

10 గంటలకి మా అమ్మకి రోజువారీ బీపీ మాత్ర ఇచ్చారు. పొటాషియం పెంచే రకం మాత్ర. 11 గంటలకి డైట్ డిపార్ట్‌మెంట్ నుంచి కొబ్బరినీళ్ళు వచ్చాయి. నీరసంగా ఉందని ప్రత్యేకంగా రాయించారట. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎంతుంటుందో అక్కడ ఎవరినడిగినా చెబుతారు, డిగ్రీలున్నవాళ్ళు. నేనే గ్లాసు పట్టుకుని తాగించాను. చల్లగా ఉన్నాయి, ఇంకొంచెం తాగమ్మా అన్నాను.

12 గంటల 10 నిమిషాలకి పెద్ద డాక్టరు ఇంకెవరి రిపోర్టో చూద్దామని కంప్యూటర్ తెరిస్తే కనబడింది. అప్పుడు పరుగులు. ఈసీజీ, కాల్షియం గ్లూకోనేట్, గ్లూకోజుతో ఇన్సులిన్. రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటలూ ఆ అంకె ఎర్ర అక్షరాల్లో, నక్షత్రం గుర్తుతో, ఆ అంతస్తులోనే వెలుగుతూ ఉంది. చూడమని ఎవరికీ చెప్పకుండా ఎర్ర రంగు ఎవరి కోసం వేశారయ్యా? నా తల్లి గుండె ఆగితే కూడా "ఆగింది" అనే చెప్పేవాళ్ళు గదా మీరు. ఆపేశాం అనరు గదా.

నేను ఫిర్యాదు రాశాను. మూడు పేజీలు. ఫోన్ ఎవరెత్తుతారో తేల్చమన్నాను. డాక్టరు సెల్లుకి నేరుగా చెప్పే ఏర్పాటు ఉండాలన్నాను. బెడ్ పక్కనే స్టిక్కరు అంటించమన్నాను. ఒక్క మనిషి పేరూ రాయలేదు. మూల కారణ విశ్లేషణ చేస్తామన్నారు. చేపముల్లు బొమ్మ గీస్తారట, అయిదుసార్లు "ఎందుకు" అని అడుగుతారట, జపాన్‌లో టొయోటా వాళ్ళు కార్లకి చేసినట్టు. పది రోజులకి ఉత్తరం వచ్చింది. "విధి నిర్వహణలో ఉన్న స్టాఫ్ నర్సు క్రిటికల్ సమాచారాన్ని నిర్లక్ష్యం చేసినందున ఆమెకు మెమో జారీ చేసి, పునఃశిక్షణకు పంపడమైనది."

నిర్లక్ష్యం చేసింది! అయిదు రోజులపాటు ఆ ఆసుపత్రిలో నేను ఎదురుచూసిన సకర్మక క్రియ చివరికి వచ్చింది. వచ్చి ఎవరి మీద పడిందో చూడండి. ఆ పిల్లకి ఇరవై నాలుగేళ్ళుంటాయి. ఆ ఉదయం పంతొమ్మిది మంది పేషెంట్లు. రావాల్సిన ఇంకో సిస్టర్ రాకపోతే రాత్రి డ్యూటీ మీద పగలు డ్యూటీ చేస్తోంది. ఫోన్ మోగినప్పుడు ఏడో గదిలో ఒకాయనకి బెడ్‌పాన్ పెడుతోంది. ఆమెకి ఎవరూ చెప్పనే లేదు. చెప్పని మాటని ఎట్లా నిర్లక్ష్యం చేస్తారు? అయిదు "ఎందుకు"లు అడుగుతామన్నవాళ్ళకి మొదటి దానికే ఒక ఆడపిల్ల దొరికింది, ఇంక నాలుగు అడగాల్సిన పనేముంది? పంతొమ్మిది మందికి ఒకర్ని పెట్టినవాడికి మెమో ఎవరిస్తారు? పైపు రిపేరు చేయించనివాడికి పునఃశిక్షణ ఎక్కడిస్తారు? సూది పట్టుకున్న చెయ్యి, ట్యూబు మోసిన కాలు దొరికితే చాలు, పైన తలకాయలన్నీ "అయ్యాయి"లోకి పోయి దాక్కుంటాయి. నా మూడు పేజీలూ ఆ పిల్ల మెడకి చుట్టారు. తర్వాత వారం రివ్యూకి వెళ్ళినప్పుడు ఆమె నడవాలో ఎదురైంది. తల దించుకుని పక్కకి తప్పుకుంది. నేనూ తల దించుకున్నాను.

ఆ రివ్యూకే తెలిసింది, వచ్చే వారం ఇన్‌స్పెక్షనట. అంతస్తంతా ఫినాయిలు. ల్యాబ్ ఫ్రిజ్ మీద ఉష్ణోగ్రత పట్టిక వేలాడుతోంది. నెల రోజుల అంకెలు, ఒకే నీలం పెన్ను, ఒకే చేతిరాత, 4.1, 4.2, 4.1. నెల నడుమ ఒక ఆదివారం మర్చిపోయి ఇరవై తొమ్మిదికే ముగించేశారు. ప్రమాణంలో తప్పేమీ లేదు, చదివాను, చాలా బుద్ధిగా రాశారు. అది చదవడానికి కాదు, ఫ్రేము కట్టించుకోవడానికి అనుకుంటేనే తంటా.

అమ్మ బాగుంది. మాత్ర మార్చారు. మామిడికాయ తొక్కు మాత్రం మానేసింది, నేను ఎంత చెప్పినా వినదు, రక్తం ఖరాబవుతుందట.

వదలకుండా ఇంకొక్క మాట. డిశ్చార్జి నాడు థైరాయిడ్ కూడా చూశారు. అమ్మ టీఎస్‌హెచ్ 3.1, నార్మల్. నాలుగు రోజుల తర్వాత నా ఫోన్‌కి ఇంకో రిపోర్టు వచ్చింది. కె. లక్ష్మి, 46 సంవత్సరాలు, టీఎస్‌హెచ్ 48. అంటే థైరాయిడ్ బాగా మందగించిందన్నమాట. ఆసుపత్రికి ఫోన్ చేశాను. అయిదు నిమిషాలు వేణుగానం వినిపించాక ఒకమ్మాయి ఎత్తింది. విషయం చెప్పాను. "అయ్యో, నంబర్ మారిపోయినట్టుంది సార్. మీరు డిలీట్ చేసేయండి, సరిపోతుంది" అంది. ఆమెకి ఎవరైనా చెప్పారా అని అడిగాను. "సిస్టమ్‌లో పంపినట్టే చూపిస్తోంది సార్" అంది.

డిలీట్ చేయలేదు. మూడుసార్లు మెయిల్ పెట్టాను. ఈ ఊళ్ళోనే ఎక్కడో, మే నెల ఎండల్లో చలేస్తోందని ఫ్యాను కట్టేసి దుప్పటి కప్పుకుని, ఈ నీరసం ఎందుకో అర్థంకాక, బహుశా నా తల్లి 3.1 చేత్తో పట్టుకుని కూర్చున్న లక్ష్మి గారు ఎవరో నాకు తెలియదు.